పటాలమ్మ చూసిన చార్ట్ రూమ్

రేవు వీధిలో ఆమెను అందరూ పటాలమ్మ అనేవారు. అసలు పేరు రేషన్ కార్డులోనూ, భర్త కోపంగా ఉన్నప్పుడు ఆయన నోట్లోనూ తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఓడలకు సముద్రపు పటాలు అమ్మే కొట్టులో ఇరవయ్యో ఏట చేరి, ముప్పై ఎనిమిదేళ్ళు అక్కడే ఉండిపోయింది.

చేరినప్పుడు ఆమెకు అప్పజెప్పిన పని చదవడం. సముద్రంలో ఎక్కడో ఒక ఓడ మునుగుతుంది, ఇంకెక్కడో ఇసుకమేట పక్కకి జరుగుతుంది, ఒక దీపస్తంభం వెలగడం మానేస్తుంది. ఆ మార్పులన్నీ వారానికొక చిన్న పుస్తకంగా అచ్చై వచ్చేవి. ఆమె అక్షాంశం, రేఖాంశం పైకి చదివితే, బల్లకు అవతల కూర్చున్న పెద్దాయన సన్నపాళీ కలంతో, వంకాయరంగు సిరాతో పటంలో ఆ చోట గుర్తు వేసేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా రెండో రోజుకే ఆమె నోటికి ‘బాబాయ్’ అన్న పిలుపు వచ్చేసింది. ఆయనా కాదనలేదు.

దిద్దిన పటాలను చుట్టచుట్టి ఓడ మీదికి, చార్ట్ రూమ్‌కి పంపేవారు. రోజుకు పదిసార్లు ఆ మాట వినడమే గానీ ఆ గదిని ఆమె చూసింది లేదు. వాళ్ళమ్మకైతే ఆ మాటే కొరుకుడు పడలేదు.

“చార్టులంటే బళ్ళో గోడకి తగిలిస్తారే, ఏనుగు, గొడుగు, అవేగా?” అంది ఒకరోజు.

“కాదమ్మా, సముద్రం బొమ్మలు.”

“సముద్రం మీద తిరిగేవాళ్ళకి మళ్ళీ సముద్రం బొమ్మెందుకే?”

కూతురు నవ్వేసింది. పక్కింటావిడతో మాత్రం వాళ్ళమ్మ, “మా అమ్మాయి ఓడలవాళ్ళకి పాఠాలు చెప్తోంది” అని గొప్పలు పోయేది. నిజానికి కూతురి ఊహ కూడా అంతకన్నా తక్కువదేం కాదు. చార్ట్ రూమ్ అంటే నాలుగువైపులా అద్దాలున్న పెద్ద హాలనీ, మధ్యలో కెప్టెన్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతాడనీ అనుకునేది.

మూడో ఏడు వానల్లో తప్పు జరిగింది. పొద్దున్న ఒక సరకుల ఓడ తొందరపెడుతుంటే ఏడు పటాలు దిద్ది పంపేశారు. మధ్యాహ్నం ఇంకో ఓడ పటాల కోసం అదే పుస్తకం మళ్ళీ తీసి చదువుతూ ఆమె ఆగిపోయింది. పొద్దున్న ఒక వరుస దాటేసింది. మునిగిన ఓడ అక్షాంశానికి కింది వరుసలోని రేఖాంశం కలిపి చదివింది. అంటే ఆ గుర్తు అసలు చోటికి ఐదు మైళ్ళ అవతల పడింది. కిటికీలోంచి చూస్తే ఓడ ఆగిన చోట ఖాళీ నీళ్ళు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఆ ఓడ వెళ్ళేది మునిగిన ఓడ ఉన్న వైపేనని ఆమెకు తెలుసు. ఆ దారి పటాలకు అంకెలు తనే కదా చదివింది!

“బాబాయ్, నేను తప్పు చదివాను” అంది.

పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని పుస్తకం చూశాడు. తిట్టలేదు. కలం మూతపెట్టి, కొక్కేనికున్న గొడుగు తీసుకున్నాడు.

“పద.”

“ఎక్కడికి?”

“రేడియో గదికి. ఓడ వెళ్ళి మూడు గంటలేగా అయింది, మాట అందుతుంది.”

వానలో ఒకే గొడుగు కింద, చెరో భుజం తడుపుకుంటూ వెళ్ళారు. దారిలో ఆయన ఒక్కమాటే అన్నాడు: “నువ్వు చదివాక ఆ అంకెలు నేను తిరిగి చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పులో సగం నాది.”

రేడియో ఆపరేటరు, చదవడంలో తప్పు జరిగిందని చెప్పి, సరైన అంకెలు పంపాడు. పది నిమిషాలు ఆమె చీర కొంగు పిండుకుంటూ గోడకు ఆనుకుని నిలబడింది. అప్పుడు గరగరమంటూ కెప్టెన్ గొంతు వచ్చింది. “అందింది. పెన్సిల్‌తో సరిచేశాం. సిరాతో దిద్దడం ఎవరు తప్పు చదివారో వాళ్ళకే వదిలేస్తున్నాం. మేం తిరిగి వచ్చాక ఓడ పైకి రమ్మనండి.”

ఆ ‘పైకి రమ్మనండి’ నాలుగు నెలలపాటు ఆమె గుండెల మీద కుంపటిలా కూర్చుంది. ఓడ రానే వచ్చింది. బాబాయ్ ముందు, ఆమె వెనక, ఊగే మెట్లు ఎక్కారు. చుక్కాని గది దాటాక, దాని వెనకాల ఒక చిన్న తలుపు తీశారు.

అది వాళ్ళింటి వంటగదంత కూడా లేదు. ఒక వాలు బల్ల, దాని కింద పటాలు పరిచి పెట్టే లోతులేని సొరుగులు, వంగే మెడ దీపం, అద్దం పెట్టెలో గడియారం. పెన్సిల్ పొట్టు వాసన, చల్లారిన కాఫీ వాసన. గోడకు ఎవరిదో ఉన్ని టోపీ.

“ఇంతేనా?” అనేసి నాలిక కరుచుకుంది.

కెప్టెన్ పగలబడి నవ్వాడు. బాబాయ్ మాత్రం మెల్లగా చెప్పాడు. “చుక్కాని గదిలో ఓడని తిప్పుతారమ్మా. ఎటు తిప్పాలో ఇక్కడ తేల్చుకుంటారు. పటం చూడ్డానికి వెలుతురు కావాలి, రాత్రిళ్ళు బయట చూసేవాడికి చీకటి కావాలి. అందుకే మధ్యలో గోడ. కెప్టెన్ చార్ట్ రూమ్‌లో ఉన్నాడంటే భోజనానికి కూడా ఎవరూ పిలవరు.”

కెప్టెన్ కలం అందించాడు. పెన్సిల్ గుర్తు మీద ఆమె సిరా పెట్టింది. అడుగున మూలలో సవరణ నంబరు కూడా తనే రాసింది. కెప్టెన్ వంగి చూసి, “ఈ అమ్మాయికి కలం ఇవ్వండి, చదవడానికి ఇంకెవరినైనా చూసుకోండి” అన్నాడు. అలా ఆమె దిద్దేమనిషి అయింది. ఆ రేవులో ఆ పని చేసిన ఆడమనిషి అంతకుముందు లేదు.

తర్వాతి ఏళ్ళలో ఎన్ని చార్ట్ రూమ్‌లు ఎక్కిందో లెక్కలేదు. ఒకదానిలో పిల్లి పటం మీదే పడుకునేది, దాన్ని లేపకుండా చుట్టూ దిద్దేది. ఒక ముసలి అధికారి సొరుగులో ఎండిన నిమ్మతొక్కలు పెట్టుకునేవాడు. బాబాయ్ కంటిచూపు మందగించి పని మానేశాక, ఆదివారాలు వాళ్ళింటికెళ్ళి ఆ వారం పుస్తకం చదివి వినిపించేది. ఆయన ప్రతి అంకె తిరిగి చెప్పేవాడు. ఆయన చనిపోయిన వారం వచ్చిన పుస్తకం ఆమె చాలాసేపు విప్పలేకపోయింది.

మెల్లగా ఓడలు మారాయి. గోడ పోయి, చుక్కాని గదిలోనే ఒక మూలకు తెర కట్టారు. కొన్నాళ్ళకు తెరా పోయింది, బల్ల ఒక్కటే మిగిలింది. చివరికి పటాలన్నీ కంప్యూటర్‌లోకి వెళ్ళిపోయాయి. చివరి ఓడలో ఆమె పని పాత పటాల మీద ‘రద్దు’ అని ముద్ర వెయ్యడం. సాయం చెయ్యడానికి వచ్చిన కుర్ర అధికారిణి కాఫీ మిషన్ ఉన్న మూల చూపించి, “రండి ఆంటీ, చార్ట్ రూమ్‌లో కూర్చుందాం” అంది. అంతలోనే తనకే నవ్వొచ్చింది. “గది లేదు, చార్టూ లేదు. అయినా అందరం అలాగే అంటాం. ఎందుకో?”

“మా ఇంట్లో పిల్లల గది అని ఒకటుంది” అంది పటాలమ్మ. “వాళ్ళకి ముప్పై దాటాయి. ఒకడికి బట్టతల కూడాను. ఆ గదిని ఇంకేమని పిలవను?”

అమ్మాయి పడీపడీ నవ్వింది. తర్వాత, వెనకటి గదులెలా ఉండేవో చెప్పమని అడిగింది. కాఫీ రెండుసార్లు అయ్యేదాకా పటాలమ్మ చెప్పింది.

వచ్చేటప్పుడు రద్దయిన పటాల్లో ఒకటి అడిగి తెచ్చుకుంది. ఇంటికొచ్చి బల్ల మీద పరిస్తే, భర్త వేళ్ళతో తడిమి చూశాడు. ఆయన టైలరు.

“కాగితం భలే గట్టిగా ఉందే. కాలర్లకి అచ్చు కత్తిరించుకోనా?”

ఆమె ఒక్క క్షణం ఆ తీరాన్ని, తన వంకాయరంగు అంకెలను చూసింది.

“ఇటు వైపు కత్తిరించుకో. ఇక్కడంతా లోతు నీళ్ళే, గుర్తులేం లేవు” అని కత్తెర అందించి, పటం కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది.