మార్తమ్మ ఎన్క తాగినోళ్లు

1991ల నేను ఆర్మూర్ల కుష్ఠు నివారణ కార్యకర్తను. ఆఫీసుల పీఎండబ్ల్యూ అనేటోళ్లు, ఊర్లల్ల మచ్చల సారు అనేటోళ్లు. సైకిల్ మీద వేల్పూర్ దిక్కు తిరిగి, స్పర్శ లేని మచ్చలు ఎవరికున్నయో చూసుడు, మందు మింగిచ్చుడు నా పని.

వేల్పూర్ల మార్తమ్మ బీడీలు చుట్టి ఇద్దరు ఆడపిల్లలను సాదేది. ఆమెకు మచ్చలు దొరికినయి. చిటికెన వేలు జర వంగుతుండె. ఎండీటీ అని మూడు మందుల కోర్సు మొదలువెట్టినం. నెలకొకపాలి నా ముంగట మింగాలె, దాన్ని సూపర్వైజ్డ్ డోసు అంటం. తక్కినయి రోజూ ఇంట్ల. మందు మొదలైతే రోగం ఇంకొకలకు అంటుడు బందైతది. నడుమ ఆపితే మాత్రం నరం చచ్చి వేళ్లు ముడుసుకపోతయి. వేళ్లు పోతే ఆకు చుట్టుడెట్ల, పిల్లలకు బువ్వెట్ల?

గా మందుకు ఒళ్లు నల్లవడ్తది. అందరు పసిగట్టిండ్రు. ఆమెదీ నాదీ ఆర్మూర్ల ఒక్కటే చర్చి. నెలకొకసారి ప్రభువు బల్ల నాడు అందరం ఒక్క పాత్రలకెల్లే ద్రాక్షరసం తాగుతం. సంఘ పెద్ద నన్ను పక్కకు పిలిచి, "జనం భయపడ్తుండ్రు సారూ, ఆమెను జర ఆఖరుకు రమ్మను" అన్నడు. లొల్లెందుకని తలూపిన. నేనే పోయి ఆమెకు చెప్పిన. థూ, సిగ్గులేని పని!

ఆ బల్ల నాడు ఆమె ఆఖరుకు తాగింది. తర్వాత నేను మందు తీస్కపోతే ఒళ్లోని చాట మీదికెల్లి తల లేపలే.

"నేను మింగ సారూ."

"పిచ్చా నీకు? వేళ్లు పోతయి మార్తమ్మా!"

"మందు మింగితే అంటుకోదని నువ్వే చెప్తివి. మరి నా ఎన్క నువ్వెందుకు తాగకపోతివి? ఊరోళ్లకు తెల్వదు, భయపడ్తరు. నీకు తెలుసు గదా."

"వచ్చే బల్ల నాడు నీ ఎన్క నేను తాగుత. అప్పుడు మింగుతవా?" అన్న.

"తాగినంక చూద్దాం" అన్నది.

ఎంత బతిమిలాడినా ఆ నెలంత ఒక్క గోలి ముట్టలే.

బల్ల నాడు అందరికన్న ముందు ఆమెను తీస్కపోయి, పక్కనే మోకరించిన. సంఘ పెద్ద లేచిండు. "గీ పని జేస్తే నీ గడప ఎవ్వలు తొక్కరు సారూ!"

"తొక్కకుండ్రి!" అన్న. చర్చిల గట్టిగనే అరిచిన, ఇప్పటికీ తప్పనిపియ్యలే. "శిష్యుల కాళ్లు కడిగినాయన బల్ల ఇది. నీదీ కాదు, నాదీ కాదు. పాస్టర్ గారూ, ముందుగాల ఆమెకియ్యుండ్రి. అంచు తుడవకుండ్రి."

ఆమె తాగింది. ఆమె పెదవి తగిలిన కాడనే పెదవి పెట్టి నేను తాగిన. సగం మంది లేచి బయటికి పోయిండ్రు. పసుపు యార్డుల మూటలు మోసే ముసలి హమాలీ ఒకాయన వచ్చి, "జర జరుగు సారూ" అని నా ఎన్క తాగిండు. ఏడాదిదాంక నా ఇంటికి చర్చోళ్లు ఎవ్వలు రాలే. రాకుంటే మాయె!

మార్తమ్మ చర్చి బయట నల్లా కాడ చెయ్యి చాపి, "తే సారూ" అన్నది. మందు మింగింది. కోర్సంత పూర్తి చేసింది. తొమ్మిది వేళ్లు నిలిచినయి. చిటికెన వేలు మాత్రం ఆ నెలల ఇంకింత వంగింది, మల్ల సక్కగ కాలే. అది రోగం చేసిన పని కాదు, నేను చేసిన పని. అప్పటిసంది ఎవ్వలొచ్చి "జర ఆఖరుకు రమ్మను" అన్నా నా తల ఊగలే.