హనుమక్క సమాధానపడిన ఆదివారం

వర్తూరు తెలుగు క్రైస్తవ సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అందరూ ఒకే రొట్టె పంచుకు తినే ఆరాధన. ఆ రోజు విరిచే పులియని రొట్టె ఏళ్ల తరబడి హనుమక్క చేతిదే. బాప్తిస్మం తీసుకున్నా ఆమె పాత పేరు మార్చుకోలేదు గానీ, ఆ పేరు కన్నా రొట్టే ఎక్కువ తనదనుకుంది. వేసవిలో మణికట్టు విరిగి ఇంట్లో ఉన్నప్పుడు, మారతహళ్ళి నుంచి వచ్చే నర్సు షారోన్ ఆ పని అందుకుంది. కట్టు విప్పాక పాస్టరు గారు, "ఇంక మీరు విశ్రాంతి తీసుకోండమ్మా" అన్నారు. విశ్రాంతట! ఇంటిల్లిపాదికీ చపాతీలు ఒత్తే చేతికి దేవుని రొట్టె దగ్గరే విశ్రాంతి కావాల్సొచ్చింది.

అప్పట్నుంచి షారోన్ ఏం చేసినా ఆమెకు కంటగింపే. పాట అందుకుంటే గొంతు చూపించుకుంటోందని, ఊరికే కూర్చుంటే పొగరని. ఆమె ప్రార్థనలో అందరి పేర్లూ వచ్చేవి, ఆ పిల్ల పేరు తప్ప.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. మనసులో ఎవరి మీదైనా ఏదైనా ఉన్నవాళ్లు బల్లకు ముందే లేచి వెళ్లి, అది వాళ్లకు చెప్పేసి సమాధానపడాలి. లేదంటే రొట్టె ముట్టకూడదు. పోట్లాడుకున్నవాళ్లకు అది సులువు. హనుమక్క పోట్లాడలేదే! తన కుళ్ళు షారోన్‌కు తెలియనే తెలియదు. చెప్పాలంటే సిగ్గు, చెప్పకుండా తినాలంటే భయం. రెండు నెలలు రొట్టె పళ్లెం తను ముట్టకుండా పక్కవాళ్లకు అందించేసింది. చేసే పని పోతే పోయింది, తినే భాగ్యం కూడా ఆ పిల్లకే వదిలేయాలా అనిపించి మూడో నెల లేచింది.

"వందనాలమ్మాయ్. నీ మీద నాకు కుళ్ళు ఉండాది."

షారోన్ బిత్తరపోయింది. "నా మీదా ఆంటీ? ఎందుకు?"

"ఎందుకేందప్పా, రొట్టెకి!"

షారోన్ నవ్వాపుకుని తల దించుకుంది. "నాకూ ఉంది ఆంటీ. మొదటిసారి, మీరు రానప్పుడు, నా రొట్టె తిని సంఘ పెద్ద జాన్ అంకుల్ ఏమన్నారో తెలుసా? 'హనుమక్కదైతే విరిగేదప్పా, ఇది సాగుతా ఉండాది' అన్నారు. మీ మీద ఎంత మండిందో!"

"అందరూ విన్నారా?"

"అందరూ."

"ఏదీ, ఇంకోసారి చెప్పు."

ఇద్దరూ వందనాలు చెప్పుకున్నారు. పళ్లెం వచ్చింది. హనుమక్క ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. సాగింది. నిజంగానే సాగింది. సంతోషంతో కళ్లు మూసుకుంది. పక్కవాళ్లు భక్తి అనుకున్నారు.

ముక్క గొంతు దిగకముందే, వచ్చే నెల మళ్లీ లేవాల్సి ఉంటుందని ఆమెకు తెలిసిపోయింది.