అడిగే వరస, చెప్పే వరస

రెండువేల దశకం మొదట్లో మన్యంలో హుకుంపేట దగ్గర పిల్లలకు చదువు చెప్పేదాన్ని. సాయంత్రాలు పక్క ఊళ్లో ఒక పెద్దమ్మ దగ్గర కూర్చుని ఆమె పాడే థింసా పాటలు నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. ఆమె ఊళ్లో థింసా ఆడేవాళ్లు ఎదురెదురుగా రెండు వరసలు కట్టి పాడతారు. ఒక వరస అడుగుతుంది, ఎదుటి వరస చెబుతుంది. అడిగేవాళ్లు ఏ మాటతో ఆపుతారో, చెప్పేవాళ్లు అదే మాటతో ఎత్తుకుంటారు. అడుగు మారేది కూడా ఆ మాట మీదే. అందుకే పేజీలో ఎడమ పక్క ప్రశ్నలు, కుడి పక్క జవాబులు రాశాను. కంప్యూటర్లోనూ అలాగే రెండు గడులుగా కొట్టి విశాఖపట్నంలో ప్రెస్సుకు పంపాను.

అచ్చుకు ముందు చూసుకోమని వాళ్లు పంపిన కాగితాలు పెద్దమ్మకు చదివి వినిపించాను. చదువుతుంటేనే తప్పు తెలిసిపోయింది. ప్రెస్సు యంత్రానికి పనికొచ్చే ఫైలుగా మార్చినప్పుడు ఎడమ గడి మొత్తం ముందుకొచ్చి, కుడి గడి మొత్తం దాని కిందికి పోయింది.

“ఇదేటే గుంటా? అడగడమంతా అయిపోయాక సెప్తారేటి? కాలెక్కడ ఎయ్యాలి? పిల్లలు ఇదే నేర్సుకుంటే నా పాట పోయినట్టే. ఈ పుస్తకం మా ఊరికి తేకు” అంది పెద్దమ్మ.

ప్రెస్సుకు ఫోన్ చేశాను. “ఒక్క మాటా పోలేదు కదమ్మా, పాటే కదా!” అన్నాడు యజమాని. ఒళ్లు మండిపోయింది. “మీ ఇంటి శుభలేఖలో పేర్లన్నీ ముందేసి, చుట్టరికాలన్నీ చివర వేసుకోండి మరి” అని ఫోన్ పెట్టేశాను.

కోపం చల్లారాక బుర్ర పనిచేసింది. గడులు తీసిపారేశాను. పాడే క్రమంలోనే లైన్లన్నీ ఒకదాని కింద ఒకటి కొట్టి, ప్రతి జవాబు ముందూ ఒక గుర్తు పెట్టాను. ఆ గుర్తున్న లైనును కుడికి జరిపేలా యంత్రాన్ని సర్దమని, మళ్లీ ఫోన్ చేసి, ఈసారి మర్యాదగానే చెప్పాను. కొత్త కాగితాలు రాగానే ప్రతి ప్రశ్న చివరి మాటా, దాని కింది జవాబు మొదటి మాటా కలుస్తున్నాయా అని వేలు పెట్టి చూసుకున్నాను. అన్నీ కలిశాయి. బడి వరండాలో ఒక్కదాన్నే గంతులేశాను.

పుస్తకం అచ్చయ్యాక పెద్దమ్మ ఊరికి తీసుకెళ్లాను. ఆ పాట రాని ఆడపిల్లల్ని ఆమే రెండు వరసలుగా నిలబెట్టి, వరసకొక పుస్తకం ఇచ్చింది. అడిగే వరసలో తనూ నిలబడి మొదటి ప్రశ్న తనే ఎత్తుకుంది. ఎదుటి వరస పుస్తకం చూసి అందుకుంది. అడుగులు సరిగ్గా పడ్డాయి.

పాట సగంలో ఉండగా, నా వైపే చూస్తూ పెద్దమ్మ పాడడం ఆపేసింది. పాట ఆగలేదు.