జ్యూసు డిపార్టుమెంటు అల్లుడు

ప్యాంటు పొడుగైనా, జిప్పు ఊడినా, పెళ్ళికి కుట్టించుకున్న కోటు పెళ్ళయ్యాక పట్టకపోయినా ఆ వీధిలో అందరూ వెళ్ళేది కత్తెర పిన్ని దగ్గరికే. ముందుగదిలో కిటికీ కింద కుట్టుమిషను, దాని పక్కన గుడ్డముక్కల గుట్ట, ఆ గుట్ట మీద ఎప్పుడూ నిద్రపోయే పిల్లి. పిన్ని కత్తెర ఎంత పదునో నోరూ అంతే పదును. "ఈ నడుము మొన్ననే వదులు చేశాను. ఇక చెయ్యడానికి గుడ్డ లేదు, నువ్వే తగ్గు" అని మొహం మీదే అనేసేది. అయినా జనం మానలేదు. కుట్టు అంత నీటుగా ఉండేది మరి.

ఆమెకు చేతకానిది ఒక్కటే, పారెయ్యడం. ఒకసారి కూరలమ్మి కొసరుగా ఇచ్చిన పుదీనా కట్టలో ఆకులు గిల్లుకుని, కాడలు చెత్తలో వెయ్యడానికి మనసొప్పక బాల్కనీలో పగిలిన బకెట్టులో గుచ్చింది. నాలుగు చినుకులు పడేసరికి పుదీనా బకెట్టు నిండిపోయింది. పక్క కుండీల్లోకి దూకింది. గులాబీ మొక్కను ఊపిరాడనివ్వకుండా చేసి చివరికి దాని చోటు కూడా తనే తీసుకుంది. ఇక ఇంట్లో టీలో పుదీనా, కూరలో పుదీనా, అన్నంలో పుదీనా.

"ఏమే, మంచినీళ్ళలో ఏదో తేలుతోంది" అన్నాడు బాబాయి ఒకరోజు. ఆయన బస్సు డిపోలో టైర్లు చూసే ఉద్యోగి, నెమ్మదస్తుడు.

"పుదీనా. ఒంటికి చలవ, తాగండి."

"చలవ సంగతి సరే, నా చొక్కాలు కూడా అదే వాసన. డిపోలో నన్ను టూత్‌పేస్టు అని పిలుస్తున్నారు."

పిన్ని చేతిలో ఆకుపచ్చ కట్ట కనిపిస్తే చాలు, పక్కింటివాళ్ళు ఇంట్లో ఉండీ తలుపు తియ్యడం మానేశారు.

పిన్ని కూతురు ఆసుపత్రిలో నర్సు. తనే ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. అల్లుడు నెమ్మదైనవాడు, అలవాట్లు లేనివాడు. కానీ పెద్ద హోటల్లో, బార్లో, వచ్చినవాళ్ళకి మందు కలిపిచ్చే ఉద్యోగం. అతనిలో వంక పెట్టడానికి పిన్నికి దొరికింది ఇదొక్కటే, అదే ఆమెకు గొంతులో ముల్లయింది. ఎవరడిగినా "హోటల్లో జ్యూసు డిపార్టుమెంటు" అని చెప్పేది. బాబాయి అక్కగారు, స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్సుగా చేసి రిటైరైన పెద్దావిడ, "డిపార్టుమెంటు మొత్తానికా?" అని కళ్ళజోడు మీదుగా చూస్తే, "మొత్తానికే వదినా" అని ఇంకో మెట్టు ఎక్కించింది కూడా.

ఒక ఆదివారం కూతురు డ్యూటీలో ఉంటే అల్లుడొక్కడే వచ్చాడు. బాల్కనీలోకి వెళ్ళినవాడు ఎంతకీ తిరిగి రాలేదు.

"అత్తయ్యగారూ, ఎంత పుదీనా! మా హోటల్లో రోజూ కొంటాం. ఇంత మంచిది ఎప్పుడూ చూళ్ళేదు" అన్నాడు లోపలికొచ్చి.

పిన్ని చేతిలో సూది ఆగింది. "రోజూనా? ఏం చేస్తారు బాబూ అంతా?"

ఆ ఇంట్లో అతని పని గురించి అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. అల్లుడు నేల చూశాడు. "మొహీతో అని ఒకటుందండీ."

"మోహమా? పేరే తేడాగా ఉంది."

"రమ్ము, నిమ్మకాయ, పంచదార, సోడా. అసలు సంగతి మాత్రం పుదీనాదేనండీ."

రమ్ము అనే మాట వినగానే పిన్ని సూది గుడ్డలో గుచ్చి బాల్కనీ వైపు చూసింది. ఒకపక్క మర్యాద, ఇంకోపక్క బాల్కనీ నిండా పుదీనా. మర్యాద ఓడిపోయింది.

"ఏమండీ! వెళ్ళి రమ్ము పట్రండి."

పేపరు చదువుతున్న బాబాయి తను సరిగ్గానే విన్నాడా అని ఇద్దరి మొహాలూ చూశాడు. "ఏ రంగుది?" అన్నాడు ఆఖరికి.

"తెల్లది మామయ్యా" అన్నాడు అల్లుడు.

ఎక్కడ ఈవిడ మనసు మారుతుందోనని ఆయన కుడి ఎడమ చూసుకోకుండా చెప్పుల్లో కాళ్ళు దూర్చి మెట్లు దిగిపోయాడు.

సీసా వచ్చింది. గాజు గ్లాసులో పంచదార, నిమ్మముక్కలు, ఆకులు పడ్డాయి. "ఇటివ్వండి, నలపడం నాకు తెలుసు" అని పిన్ని చెక్క గరిటె తిరగేసి పట్టుకుంది. ఇన్నాళ్ళ కోపమంతా ఆ నాలుగు ఆకుల మీద తీర్చుకుంది.

"అయ్యో, అంత కసి వద్దండీ! వాసన బయటికొచ్చేదాకా మెల్లిగా నొక్కితే చాలు. మరీ నలిగితే చేదొస్తుంది."

అప్పటికే గ్లాసులో ఉన్నది గోడకి వేసే రంగులా ఉంది. పారెయ్యడం లేదు కాబట్టి అది బాబాయి వంతుకొచ్చింది.

"ఎలా ఉంది?"

"మేక బతుకేమిటో తెలిసింది" అన్నాడాయన, మొత్తం తాగేసి.

రెండోది అల్లుడు చేశాడు. గరిటెను అలా అలా అదిమాడు, రమ్ము పోశాడు, ఐసు వేశాడు, గ్లాసు వాల్చి పక్కనుంచి సోడా జార్చాడు. చివర్లో ఒక పుదీనా రెమ్మను అరచేతిలో పెట్టి చప్పట్లు కొట్టినట్టు ఒక్క దెబ్బ వేసి పైన గుచ్చాడు. గదంతా గుప్పుమంది. ఎక్కడా చుక్క కింద పడలేదు. నీటైన పని కనిపిస్తే పిన్ని నోరు దానంతటదే మూతపడుతుంది. ఇప్పుడూ మూతపడింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఆడపడుచు వచ్చింది, చేతిలో లైనింగు చిరిగిన కోటుతో.

"అబ్బ, మీ మెట్లెక్కేసరికి ప్రాణం పోయిందే. ఓహో, అల్లుడు జ్యూసు చేస్తున్నాడా? నాకూ ఓ గ్లాసు ఇవ్వు బాబూ."

బాబాయి సీసాను పిల్లి కిందికి తోశాడు. పిల్లి లేచి, అందరినీ అసహ్యంగా చూసి, వెళ్ళిపోయింది. సీసా మాత్రం గుడ్డముక్కల మీద రాజాలా పడుకుంది.

అల్లుడు ఇంకో గ్లాసు అందుకున్నాడు. "మీకు ఉత్త నిమ్మకాయతో చేసిస్తానండీ" అన్నాడు మెల్లిగా. అత్తగారి అబద్ధాన్ని అతను తన నెత్తిన వేసుకోబోతున్నాడు. తల వంచుకున్న ఆ మొహం చూడగానే పిన్నికి ఎక్కడో చివుక్కుమంది.

"ఆగు అబ్బాయ్" అంది. మొదటిసారి 'మీరు' జారిపోయింది. "వదినా, ఇది జ్యూసు కాదు. మావాడిది జ్యూసు డిపార్టుమెంటూ కాదు. బార్లో మందు కలుపుతాడు. చక్కగా కలుపుతాడు. నేనే నామోషీ పడి అలా చెప్పాను. ఇంతకీ నీకు మందుతోనా, లేకుండానా?"

ఆడపడుచు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "జ్యూసుకి డిపార్టుమెంటేమిటే? పిల్లల అబద్ధాలు వినీ వినీ రిటైరయ్యాను. ఆ రోజే తెలిసింది నాకు."

"మరి ఆ రోజే అనొచ్చుగా?"

"పాపం, అంత కష్టపడి కుట్టావు. విప్పడం దేనికని." అల్లుడి వైపు తిరిగింది. "మందుతోనే బాబూ. కొంచెమే వెయ్యి, మళ్ళీ మెట్లు దిగాలి."

పిన్ని కూడా ఒక గుక్క రుచి చూసింది. పులుపు, తీపి, చల్లదనం. తర్వాత గొంతులో చిన్న వెచ్చదనం. "అసలు ఇందులో రమ్ము ఎక్కడుంది?" అని వెతుక్కుంటూ గ్లాసు ఖాళీ చేసింది. ఆ తర్వాత ఆడపడుచు తెచ్చిన కోటు రంగు తనకెందుకు నచ్చలేదో వివరంగా చెప్పింది. ఆవిడ కోపగించుకోలేదు. అసలు ఆ కోటు తనదే కాదనీ, పక్కింటావిడదనీ చెప్పి పడీపడీ నవ్వింది.

కొన్నాళ్ళకి కూతురు అమ్మానాన్నలను హోటల్‌కి తీసుకెళ్ళింది. బార్లో కుర్చీలు మరీ ఎత్తు. పిన్ని ఎలాగో ఎక్కి కూర్చుంది కానీ కాళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. వెనకనుంచి బాబాయి కుర్చీ పట్టుకున్నాడు. ఎదురుగా నల్ల కోటులో అల్లుడు తలెత్తకుండా పని చేసుకుపోతున్నాడు. పక్క సీటులో ఒక పెద్దమనిషి గ్లాసు ఎత్తబోతున్నాడు.

"మా అల్లుడు" అంది పిన్ని ఆయనతో.

"నేనేమీ అడగలేదండీ" అన్నాడాయన.

"మీరు అడగాలేమిటి?" అని పిన్ని తన గ్లాసు దగ్గరికి లాక్కుంది.