మామ్మ చింతపండు పెట్టి తోమిన పిస్తోలు

మా చిన్నప్పుడు... దసరా వస్తే అందరిళ్ళల్లో సైకిళ్ళకీ, కుట్టుమిషన్లకీ బొట్లు పెట్టేవారు. ఏలూరులో మా ఇంట్లో మాత్రం పిస్తోళ్ళకి పెట్టేవాళ్ళం!

కంగారు పడకండి... అవి గాలితో పేలే పాతకాలపు ఎయిర్ పిస్టళ్ళు. మా నాన్న హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. చీమకి కూడా హాని తలపెట్టని మనిషి. కానీ పాత ఎయిర్ పిస్టల్ ఫలానా చోట ఉందని తెలిస్తే చాలు, ఆదివారం పూట సైకిలు వేసుకుని బయల్దేరేవారు. తిరనాళ్ళలో బుడగలు కొట్టించేవాళ్ళ దగ్గర, పాత ఇనుం కొట్లలో... దొరికినదల్లా తెచ్చి, నూనె రాసి, పాత పంచె గుడ్డలో చుట్టి దాచుకునేవారు. కాల్చగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు. "ఈ ఇనపముక్కలు అన్నం పెడతాయా?" అని అమ్మ సణుగుతూనే ఉండేది.

వాటన్నిటికీ మహారాణి ఒకటుండేది. కొల్లేరు లంకల్లో చేపల చెరువు మీద వాలే పిట్టల్ని దాంతో బెదిరిస్తున్న ఒకాయన్ని బతిమాలి తెచ్చుకున్నారు. నిగనిగలాడే నేరేడుపండు రంగు... ఎప్పుడో ఫ్యాక్టరీలో వేసిన రంగు, కాస్త కూడా చెదరలేదు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళకి ఆ పాత రంగే ప్రాణం. అది పోతే పిస్తోలు పోయినట్టే.

తాడేపల్లిగూడెంలో భాస్కరరావు గారని ఒక ఉల్లిపాయల వ్యాపారి ఉండేవారు. ఆయనదీ ఇదే పిచ్చి. ఆయన దగ్గర చెక్కపిడి మీద లతలు చెక్కిన బుజ్జి పిస్తోలు ఉండేది. నాన్న దాన్ని చూసొచ్చిన దగ్గర్నుంచీ అన్నం తింటూ కంచంలో వేలితో దాని బొమ్మే గీసేవారు. ఆయనకేమో మా నేరేడుపండు మీద కన్ను. చాలా కాలం బేరాలు సాగి, చివరికి విజయదశమి నాడు ఇదిచ్చి అది పుచ్చుకోవడానికి ఒప్పందం కుదిరింది. "పిల్లనిచ్చి పిల్లని తెచ్చుకునే కుండమార్పిడి సంబంధం" అని అమ్మ వెక్కిరించేది. మా మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, ఆ మాటని బాగా మనసుకి పట్టించుకుంది.

పండగనాడు పొద్దున్నే నాన్నా నేనూ స్టేషనుకి వెళ్ళాం. బండి ఎప్పట్లాగే బోలెడు ఆలస్యం. భాస్కరరావు గారిని తీసుకుని ఇంటికొచ్చేసరికి మామ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది... చేతిలో ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో పసుపూ కుంకుమా, మధ్యలో తెల్లగా తళతళలాడుతూ మా పిస్తోలు!

"ఊరు దాటి వెళ్ళే పిల్లని మసిమొహంతో పంపుతామా బాబూ? మా వాడటు వెళ్ళగానే చింతపండులో నానేశాను. బూడిదా కొబ్బరిపీచూ పెట్టి తోమగా తోమగా ఇప్పటికి తెల్లబడింది," అంది మామ్మ వగరుస్తూ.

నాన్న మొహంలో నెత్తురుచుక్క లేదు. భాస్కరరావు గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. మా గోదావరి వాళ్ళ మొహమాటం సంగతి మీకు తెలిసిందే కదా...

"అబ్బే... బ్రహ్మాండంగా ఉందండీ మామ్మగారూ! మొహం చూసుకోవచ్చండీ!" అన్నారు.

మామ్మ పొంగిపోయి గారెలు వడ్డించింది. ఆయన కాదనకుండా తిన్నారు. తిని, మాట ప్రకారం తన బుజ్జి పిస్తోలు తీసి నాన్న చేతిలో పెట్టారు. మామ్మ దానికీ బొట్టు పెట్టింది. నాన్న అన్నాళ్ళూ కలలుగన్నది చేతికొచ్చింది... ఆయన మాత్రం నిప్పుకణిక పట్టుకున్నట్టు పట్టుకున్నారు.

అసలు సంగతి మామ్మ చెవిన పడకూడదని నాన్న స్టేషను దాకా ఆగారు. భాస్కరరావు గారిని దిగబెట్టడానికి మళ్ళీ అక్కడికి వెళ్ళాక మొదలైంది.

"మీ పిస్తోలు మీరు తీసేసుకోండి. మాది పాడైపోయిందండీ," అన్నారు నాన్న.

"పెద్దావిడ బొట్టుపెట్టి ఇచ్చారండీ. పండగ పూట వెనక్కెలా ఇస్తానండీ?"

"మీకు అన్యాయం అయిపోతుందండీ."

"మీకైతే అవ్వలేదేంటండీ?"

వీళ్ళిలా అండీ అంటే అండీ అనుకుంటుండగానే గూడెం వెళ్ళే పాసింజరు వచ్చింది... వెళ్ళిపోయింది కూడా! తర్వాతి బండి కోసం బెంచీ మీద కూలబడ్డాక భాస్కరరావు గారే తీర్పు చెప్పారు. తోమిన పిస్తోలు ఆయనకే. బుజ్జిది మాత్రం ఈ దసరా నుంచి వచ్చే దసరా దాకా ఏలూరులో, ఆ తర్వాతి ఏడు గూడెంలో... అలా వంతులవారీగా.

ఇక ప్రతి దసరాకీ రాకపోకలే. ఆయనొస్తే బస్తాడు ఉల్లిపాయలు, మేం వెళ్తే మామ్మ గారెలు. అది మా వంతు ఏడైతే, పండగ దగ్గర పడిందంటే చాలు, మామ్మ చింతపండు చేతబట్టుకుని బుజ్జిదాని కోసం ఇల్లంతా వెతికేది. నాన్న బీరువాకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకు తిరిగేవారు. తను చేసిందేమిటో మామ్మకి చివరిదాకా ఎవరూ తెలియనివ్వలేదు.

మామ్మ పోయి చాలా కాలమైంది. ఈ వానాకాలంలో భాస్కరరావు గారూ వెళ్ళిపోయారు... పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకి వాళ్ళమ్మాయి కారులో వచ్చి, బుజ్జి పిస్తోలు తెచ్చి నాన్న ముందు పెట్టింది.

"ఇంక మీ దగ్గరే ఉంచేసుకోండి బాబాయిగారూ. నాన్నగారే చెప్పారండీ. ఆ తెల్లది మాత్రం ఇవ్వమండీ... ఇంటికెవరొచ్చినా నాన్నగారు ముందు దాన్నే చూపించేవారు."

నాన్న దాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఆయన జీవితమంతా కోరుకున్నది... ఇప్పుడు పూర్తిగా ఆయనదే. లతల మీద వేలితో ఒకసారి నిమిరి, మళ్ళీ గుడ్డలో చుట్టి ఆ అమ్మాయి చేతిలోనే పెట్టేశారు.

"దసరా ఇంకా రాలేదు కదమ్మా... ఈ ఏడు వంతు మీ నాన్నగారిది. పండక్కి తీసుకురా, గారెలు తిని వెళ్దువుగాని."

నాకు ఏడుపాగలేదు.

ఇప్పుడు పాత వస్తువు కావాలంటే ఫోన్లో ఫోటో చూస్తాం, కొరియర్లో వస్తుంది, నచ్చకపోతే అదే కొరియర్లో వెనక్కి పోతుంది. మొహమాటమూ లేదు... ఎదురుగా మనిషీ లేడు. మొహమాటానికి పోయి చుట్టరికం కలుపుకున్నవాళ్ళు మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు... కింద రాయండి, చదువుతూ కూర్చుంటాను.