ఇటుకల పండుగలో ఫైనల్ మ్యాచ్

నాకు ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. ఆ సంగతి మా ప్రిన్సిపాల్ గారికీ తెలుసు. అయినా డెబ్బైల చివర్లో, అరకులో వానలు ఇంకా వెనకబట్టని రోజుల్లో, ఆయన నన్ను గదిలోకి పిలిచి కాలేజీ జట్టు బాధ్యత నా నెత్తిన పెట్టారు. డ్రిల్లు మాస్టారు బదిలీ మీద వెళ్ళిపోయి అప్పటికి చాలా కాలమైంది. ఆయన స్థానంలోకి కొండెక్కి రావడానికి ఎవరూ ఒప్పుకోలేదు. నేను బోటనీ చెప్పేదాన్ని. అంతకు కొద్ది రోజుల ముందే, నేను ప్రాణంగా పెంచుకుంటున్న మొక్కల మడిలోకి బంతి తన్నిన కుర్రాళ్ళని గొడుగు పట్టుకుని మైదానం చివరిదాకా తరిమాను. అది ఆయన కిటికీలోంచి చూశారట.

"వాళ్ళు భయపడేది మీ ఒక్కరికే అమ్మా," అన్నారు, అంతకు మించిన అర్హత ఇంకేం కావాలన్నట్టు.

కోపం వచ్చింది. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా కాలేదు కాబట్టి ఆ కోపాన్ని స్టాఫ్ రూములో టీ గ్లాసు మీద చూపించి ఊరుకున్నాను.

మేం ఆడేది జిల్లా కాలేజీల పోటీల్లో రెండో డివిజన్. మొదటి డివిజన్ అంటే బూట్లూ, రంగు చొక్కాలూ, నెట్ కట్టిన గోల్ పోస్టులూ ఉన్న పట్నం కాలేజీలు. రెండో డివిజన్ అంటే మిగిలినవాళ్ళం. మా మైదానం ఒక పక్కకి వాలి ఉండేది. దాని మీద వారానికోసారి సంత పశువులు మేసేవి. ఆడబోయే ముందు పేడ ఎత్తించడం కూడా నా బాధ్యతల్లోకే వచ్చింది. కింద నుంచి వచ్చే జట్లు మాత్రం ఘాట్ రోడ్డు మీద బస్సులో వాంతులు చేసుకుని, మొహాలు వేలాడేసుకుని దిగేవి. నేను వాళ్ళకి జాలిగా నిమ్మకాయలు ఇచ్చి, లోపల సంతోషించేదాన్ని.

ఇంత వసతి ఉండి కూడా మొదట్లో వరసగా ఓడిపోయాం. కారణం మా కెప్టెన్. బక్కపల్చని కుర్రాడు, మాట తక్కువ, లోయకి ఆవలి పక్క కొండ మీద ఊరు. జట్టంతా బంతి వెనక ఒకటే అరుపులు అరుస్తూ పరిగెత్తేది. ఇతను మాత్రం అవతలి గోలు దగ్గరికి ముందే వెళ్ళి, కదలకుండా, దాదాపు ఊపిరి కూడా తీయకుండా నిలబడేవాడు. బంతి వచ్చిందంటే ఒక్క తన్నుకి గోలే. వెంటనే రిఫరీ ఈల వేసి, ఆఫ్‌సైడ్ అని ఆ గోలు కొట్టేసేవాడు. ఎన్నిసార్లు కొట్టేసినా మళ్ళీ అక్కడే నిలబడేవాడు.

"ఒరే, అక్కడ నీకేం పని? అందరితో పాటు పరిగెత్తలేవూ?" అని ఒకరోజు చెడామడా తిట్టాను.

"ఏటలో అలాగే సేత్తాం మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "అందరూ అరిసి తోల్తారు. ఒకడు కాపు కాత్తాడు. కాపు కాసినోడు కదిలితే జంతువు పక్కకి పోద్ది."

అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. వాళ్ళు ఆడుతున్నది ఫుట్‌బాల్ కాదు, వేట. బంతిని అడవిపందిని తోలినట్టు తోలుతున్నారు. రూల్సు పుస్తకం ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కని ఆఫ్‌సైడ్ నాకూ ఆ రోజే తెలిసొచ్చింది. అవతలి జట్టులో గోల్‌కీపర్ కాక అందరికన్నా వెనక ఉండే ఆటగాడిని చూపించి, "వీడు గుహ వాకిలి అనుకో. వీడికి ఇవతలే కాపు కాయాలి. గుహలో దూరి కూర్చుంటే అది వేట కాదు, దొంగతనం," అన్నాను. అతను తలూపి, నాలుగడుగులు ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. ఆ తరవాత మేం ఓడిపోవడం మానేశాం.

నవంబరు తుఫానుకి పట్టాలు తెగి, రోడ్లు కొట్టుకుపోయి, ఆటలన్నీ ఆగిపోయాయి. మిగిలిన మ్యాచ్‌లు అయ్యేసరికి సంక్రాంతి దాటింది. పైన నిలిచిన నాలుగు జట్లలో మాదొకటి. సెమీ ఫైనలూ ఫైనలూ పరీక్షలయ్యాక ఏప్రిల్లో విశాఖపట్నంలో ఆడాలన్నారు. ప్రిన్సిపాల్ గారు అసెంబ్లీలో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. నేను బడాయిగా నవ్వుతుంటే కెప్టెన్ వచ్చి, "నేను రాలేను మేడమ్," అన్నాడు.

ఏప్రిల్ అంటే చైత్రం. చైత్రంలో ఆ కొండల మీద ఊరూరా ఒక్కో రోజున ఇటుకల పండుగ మొదలవుతుంది. మగవాళ్ళంతా వేటకి పోతారు. జంతువుతో వస్తే ఆటాపాటా. ఉత్తచేతులతో వస్తే ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు కాసుకుని ఉండి, నానా మాటలూ అని పేడనీళ్ళు పోస్తారు. అతని ఊళ్ళో పండుగా, మా ఫైనలూ ఒకే వారంలో పడ్డాయి. చదువు పేరుతో హాస్టల్లో ఉండిపోయి అంతకు ముందు రెండు పండుగలకి వెళ్ళలేకపోయాడు. వేటకి పోనివాడు మీసాలొచ్చినా ఆ ఊరికి గుంటడే, చిన్నపిల్లాడే. మేనమామ కూతురిని చేసుకోవాలని అతనికి ఉంది, ఆ పిల్లకీ ఉంది. "ఈ ఏడు ఏటకెల్తే మాటాడదాం. ఎల్లకపోతే పిల్లనింకో ఊరిచ్చేత్తాను," అని మేనమామ తేల్చి చెప్పేశాడట.

అతను లేకపోతే కాపు కాసేవాడు లేడు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక చెప్పులు తొడుక్కుని అతని వెంట కొండెక్కాను.

ఊరి పెద్ద రాగి అంబలి ఇప్పించి, నేను చెప్పిందంతా విన్నాడు. మేనమామ పక్కనే దుంగ మీద కూర్చుని మూతి ముడుచుకున్నాడు. వేటలాగే అందరూ తోలుతారనీ, ఇతను కాపు కాస్తాడనీ నేను పెద్ద లెక్చరే ఇచ్చాను.

"కొడితే ఏటి తెత్తారు?" అన్నాడు పెద్ద.

"కప్పు," అన్నాను.

"అందులో ఊరందరికీ కూర సరిపోద్దా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. మేనమామ నవ్వలేదు. "బంతినెనకాల పరిగెడితే ఏటెలాగవుద్ది? అది గుంటల ఆట," అన్నాడు.

పెద్ద చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "అది నువ్వూ నేనూ సెప్పేది కాదు. ఎల్లి రానీ. ఏట అవునో కాదో ఊరి మొదట ఆడోళ్ళే తేలుత్తారు," అన్నాడు. తరవాత నా వైపు తిరిగి, "ఈళ్ళకి పెద్ద నువ్వే గదమ్మా. ఆళ్ళకేటైతే నీకూ అదే," అన్నాడు. సరేనన్నాను. గెలుస్తామనే ధీమాతో ఏదడిగినా సరేననే దాన్ని.

సెమీ ఫైనల్ నిజంగానే గెలిచాం. సముద్రం చూసిన ఉత్సాహంలో మా వాళ్ళు రెట్టింపు అరిచారు. అవతలివాళ్ళు ఆ అరుపులకే సగం బెదిరిపోయారు. మర్నాడు ఫైనల్లో ఎండ మా కొంప ముంచింది. చలిలో పుట్టిన పిల్లలు, విశాఖపట్నం ఉక్కకి నాలుకలు బయటపెట్టారు. కెప్టెన్ ముందుగా ఒక గోల్ కొట్టాడు. అవతలివాళ్ళు రెండు కొట్టారు. ఆఖర్లో బంతి అతని కాళ్ళ దగ్గరికి వచ్చింది. గుహ వాకిలికి ఇవతలే ఉన్నాడు, ఈల మోగలేదు. నేను గొడుగు పారేసి లేచి నిలబడ్డాను. బంతి పోస్టుకి తగిలి బయటికి పోయింది.

రెండో డివిజన్‌లో ఓడినవాళ్ళకి కప్పులుండవు. నిమ్మరసం ఇచ్చి, చెయ్యి కలిపి పంపించారు.

తిరుగు రైల్లో మా గోల్‌కీపర్, స్టేషన్ బయట కొట్లో మంచి కప్పులున్నాయనీ, ఒకటి కొనేసి ఉంటే ఊళ్ళో ఎవరికి తెలిసేదనీ సణిగాడు. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన నాకు నచ్చింది, కొనలేదే అని కూడా అనిపించింది.

"కొన్న మాంసం ఏటలో కలపరు," అన్నాడు కెప్టెన్, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

అరకులో దిగి, జట్టంతా అతని వెంట కొండెక్కాం. వెళ్ళక తప్పదని కాదు. అతన్నొక్కడినీ పంపించడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఊరి మొదట్లో దారికి అడ్డంగా వెదురు కట్టి ఉంది. దాని వెనక ఆడవాళ్ళు కుండలతో నిలబడి ఉన్నారు. పెద్దా, మేనమామా, ఆ ఉదయమే అడవి నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళూ గట్టు మీద కూర్చుని చూస్తున్నారు.

"ఏటి తెచ్చేరు?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"ఏటీ నేదు," అన్నాడు కెప్టెన్.

ఎవరూ తిట్టలేదు. కుండ ఎత్తలేదు. ముసలమ్మ నన్ను కిందికీ పైకీ చూసింది, నా చీర చూసింది, తరవాత పక్కవాళ్ళతో వాళ్ళ భాషలో ఏదో అంది. ఇద్దరు మగపిల్లలు వచ్చి వెదురు పక్కకి తీశారు. లోపలికి రమ్మని చేత్తో సైగ చేసిందామె, చుట్టాలని పిలిచినట్టు మర్యాదగా.

హమ్మయ్య అనుకుని అడుగు ముందుకేసి, కెప్టెన్ వైపు చూశాను. బంతి పోస్టుకి తగిలినప్పుడు కూడా అతని మొహం అలా పాలిపోలేదు. అప్పుడు తెలిసింది నాకు. వేటకి పోయి ఓడినవాడికే పేడనీళ్ళు. ఆడుకోవడానికి పోయి వచ్చిన గుంటడి మీద ఎవరూ పొయ్యరు. గట్టు మీద మేనమామ, నేను చెప్పలేదా అన్నట్టు పెద్ద వైపు చూసి, లేవబోయాడు.

"ఏ మొకం పెట్టుకొని ఒచ్చేవురా?" అని ఒక గొంతు వినిపించింది. మేనమామ కూతురు. జనాన్ని తోసుకుని వచ్చి, పెద్ద కుండ రెండు చేతులతో ఎత్తి, అతని నెత్తిన పోసేసింది. "ఊరందరూ కుండలు పొయ్యి మీదెట్టి కూకున్నారు. పట్నం పోయి, ఉత్తసేతులూపుకుంటా ఒత్తావా? సిగ్గునేదూ?"

ఆమె గొంతులో కోపం ఉంది గాని, కళ్ళలో నీళ్ళున్నాయి. అతను పేడనీళ్ళు కారుతూ తలొంచుకుని నిలబడ్డాడు. భుజాలు అదురుతుంటే ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. ముసలమ్మ ఆ పిల్లనీ, అతన్నీ మార్చి మార్చి చూసింది. చూసి, వంగి తన కుండ ఎత్తింది. ఇక ఒక్కసారిగా అన్ని కుండలూ లేచాయి. గోల్‌కీపర్ చెట్టెక్కబోతే కాళ్ళు పట్టి లాగారు. నేను వెనక్కి తగ్గుతుంటే ముసలమ్మ నా ముందుకొచ్చి నిలబడింది.

"పెద్దవి నువ్వే గదమ్మా," అని నెమ్మదిగా, ఒక్క చుక్క వృథా కాకుండా, నా తల మీద కుండ బోర్లించింది.

కళ్ళు తుడుచుకుని చూసేసరికి మేనమామ గట్టు దిగి వస్తున్నాడు. తడిసి ముద్దయిన అల్లుడి భుజం పట్టుకుని, "రా, కూకో," అని వేట మగవాళ్ళ మధ్యకి తీసుకుపోయాడు. వాళ్ళు జరిగి చోటిచ్చారు. నాకు ఏడుపొచ్చేసింది. మొహం నిండా పేడనీళ్ళున్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు.