షెడ్డు ముందు మూడు వందల మంది

క్లిఫర్డ్ హెబ్డెన్‌కి జనం కనపడరు, తలలు కనపడతాయి. పందొమ్మిదేళ్లు బస్సు కండక్టరుగా చేశాడు. కండక్టర్లు లేని బస్సులు వచ్చాక యార్క్‌షైర్ తీరాన మా ఊరి వినోదాల పార్కులో చేరాడు. ఇప్పుడు చొక్కాకి ‘క్యూ సూపర్‌వైజర్’ అనే బ్యాడ్జి ఉంటుంది, చేతిలో నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరిగే చిన్న యంత్రం ఉంటుంది. ఇంటికి చుట్టాలొస్తే వాళ్లను కూడా కేకు దగ్గర వరసలో నిలబెడతాడని అతని భార్య ఐరిస్ ఫిర్యాదు.

“పోయినసారి మా అక్కను వెనక్కి పంపాడండీ, ముందొచ్చినవాళ్లు ఉన్నారని,” అంటుంది.

“ఉన్నారు కదా మరి!” అంటాడు క్లిఫర్డ్.

పార్కు హద్దు ఆరు వేల నాలుగు వందల మంది. లోపల ఎంతమంది పడతారో చూసి ఆ అంకె వేశారని అందరూ అనుకుంటారు. కాదు. నిప్పంటుకుంటే ఎనిమిది నిమిషాల్లో ఎంతమంది బయటపడగలరో చూసి వేశారు. అంతమంది లోపలికి చేరగానే క్లిఫర్డ్ గేటు మూసేస్తాడు. ఆ తర్వాత ఒకరు బయటికొస్తే ఒకరు లోపలికి. తన మేనల్లుడైనా అంతే.

అయితే గేటు లెక్క సగం పనే. లోపలున్న ఆరు వేల మందీ ఒకేచోటికి పోతే ఏ హద్దూ కాపాడలేదు. “వరసంటే జనానికి విసుగు. నాకు మాత్రం గోదాం. మనుషుల్ని పదిలంగా దాచుకునే చోటు,” అంటాడు అతను.

ఆ గోదాం ఈస్టరు రోజున పగిలింది. కొయ్య దుంగల పడవల ఆటకు వెళ్లే సన్నటి వంతెన మీద జనం ఇరుక్కుపోయారు. దెబ్బలేం తగల్లేదు గానీ ఒకావిడ చెప్పు నీళ్లలో పడింది. ఆవిడ మున్సిపల్ కౌన్సిల్‌కి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. కౌన్సిల్ నుంచి భద్రతాధికారి ప్రిడ్‌మోర్ అనే ఆమె దిగింది.

“మిస్టర్ హెబ్డెన్, ఆగస్టు సెలవు సోమవారం మళ్లీ వస్తాను. ఆ వంతెన మళ్లీ నిండి కనిపిస్తే మీ బ్యాడ్జి ఇంకొకరికి పోతుంది. మీరు కార్లు నిలిపే చోటికి పోతారు.”

క్లిఫర్డ్ ఆ వారమంతా సరిగ్గా తిండి తినలేదని ఐరిస్ చెప్పింది. కార్లు తమంతట తామే వరసలో ఉంటాయి. అక్కడ అతనికి పనేముంటుంది?

ఆగస్టు సోమవారం రానే వచ్చింది. పదకొండున్నరకే ఆరు వేల నాలుగు వందలూ నిండాయి. గేటు మూశాడు. పన్నెండుకి వాన మొదలైంది. వాన పడితే ఇంటికి పోయే జాతి కాదు మాది. టిక్కెట్టు కొన్నాక తడవడం మా హక్కు. పన్నెండుంబావుకి పెద్ద రోలర్ కోస్టర్ ఆగిపోయింది. అక్కడ నిలబడ్డ అయిదారు వందల మంది తిన్నగా వంతెన వైపు కదిలారు.

క్లిఫర్డ్ తాళ్లూ, ఇనప గుంజలూ ఉన్న బండి తోసుకుంటూ వంతెనకు అడ్డం వేద్దామని పరుగెత్తాడు. దారిలో చక్రం ఇరుక్కుంది. మూసి ఉన్న పాత షెడ్డు తలుపు ముందు ఆగి, వంగి చక్రాన్ని లాగుతున్నాడు. లేచి చూసేసరికి వెనకాల పదకొండు మంది.

మొదట ఉన్నది ప్లాస్టిక్ వానకోటు వేసుకున్న ముసలావిడ. “ఇక్కడేనా బాబూ నిలబడాల్సింది?”

“దేనికమ్మా?”

“నన్నడుగుతావేం? ముందున్నవాడివి నువ్వు.”

ఏమీ లేదు, వెళ్లండి అని చెప్పబోయాడు. అప్పుడే వంతెన వైపు పోతున్న గుంపులోంచి ఓ కుటుంబం విడివడి వచ్చి ఆ పదకొండు మంది వెనక చేరింది. దాని వెనక ఇంకోటి. క్లిఫర్డ్ నోరు మూసుకున్నాడు. బండిలోంచి గుంజలు దించి, షెడ్డు ముందు పాము మెలికల్లా తాళ్లు కట్టాడు. పావుగంటలో వంతెన ఖాళీ. షెడ్డు ముందు రెండు వందల నలభై మంది.

ఇప్పుడు ముసలావిడకు ఏదో ఒకటి చూపించాలి. తలుపు తీశాడు. లోపల రంగులు వేయడానికి తెచ్చిపెట్టిన రంగులరాట్నం కొయ్యగుర్రం ఉంది, ఒక కాలు లేదు. “ఒక్కొక్క కుటుంబానికి ఒక్క నిమిషం,” అన్నాడు.

ఆవిడ లోపలికెళ్లి, గుర్రాన్ని చూసి, బయటికొచ్చింది.

“ఎలా ఉందండీ?” వెనకున్నవాళ్లు అడిగారు.

ఆవిడ వానకోటు సర్దుకుంది. “పాతకాలం పనితనం,” అంది.

తర్వాత వచ్చినవాళ్లూ అంతే. అంతసేపు తడిసి, చూసింది కుంటి గుర్రాన్ని అని ఒక్కరూ నోరు విప్పలేదు.

ఒంటిగంటకు ప్రిడ్‌మోర్ వచ్చింది. వంతెన చూసింది, రాసుకుంది. తర్వాత ఈ వరస ఏమిటో కనుక్కుందామని నేరుగా షెడ్డు తలుపు దగ్గరికి నడిచింది.

“ఏమ్మా, మేం మనుషుల్లా కనపడ్డంలేదా?” అన్నాడు వరసలోంచి ఒకాయన.

“నేను కౌన్సిల్ నుంచి...”

“నేను లీడ్స్ నుంచి. చివర అటుంది.”

ఆమె మొహం ఎర్రబడింది. వరస తప్పిందన్న మాట మా దేశంలో ఎవరూ భరించలేరు. కాగితాల అట్ట గుండెకు హత్తుకుని చివరికి పోయి నిలబడింది. తలుపు చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ క్లిఫర్డ్ ఆమె వైపు చూడకుండా ఉండడానికి మెడను నొప్పి పుట్టేదాకా పక్కకే తిప్పుకుని ఉన్నాడు.

“లోపల ఏముంది, మిస్టర్ హెబ్డెన్?”

అబద్ధమాడదామనుకున్నాడు. చేత కాలేదు. “కుంటి గుర్రం, మేడమ్. నేను చక్రం బాగుచేసుకుంటుంటే వీళ్లే వచ్చి నిలబడ్డారు. వంతెన ఖాళీ అవుతోందని ఊరుకున్నాను.” చెప్పేసి, బ్యాడ్జి పిన్ను తీయబోయాడు.

“ఉండండి.” ఆమె వెనక్కి తిరిగి వరసను చూసింది, వంతెనను చూసింది. “ఏమీ లేనిదానికి నలభై నిమిషాలు నిలబడ్డానని నేను నా చేత్తో రాసుకోవాలా? ఆ బ్యాడ్జి ఉంచుకోండి. ‘వంతెన దగ్గర రద్దీ లేదు, అదనపు వరస ఏర్పాటు చేశారు’ అని రాస్తాను. కానీ ప్రతి వరసకూ ఒక హద్దుండాలి. ఈ స్థలానికి మూడు వందలు. ఒక్కరు కూడా ఎక్కువ కాకూడదు.”

“చిత్తం మేడమ్,” అని క్లిఫర్డ్ వెంటనే చివరి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. మూడు వందల పన్నెండు మంది ఉన్నారు. ఈ వరసలో ఏమీ లేదని చివరి పన్నెండు మందికీ ప్రమాణం చేసి చెప్పాడు. ఒక్కరూ నమ్మలేదు. వాళ్లను కదిలించడానికి అతనికి సాయంత్రం నాలుగు దాకా పట్టింది.